సీఎన్‌సీ మిల్లింగ్: ముందు పట్టు తేలాలి, తర్వాతే కట్టర్

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల నుంచి అరిగిపోయిన బేరింగ్ హౌసింగులు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల నుంచి ఏరేటర్ షాఫ్టులు, రైసుమిల్లుల నుంచి విరిగిన ఫ్లాంజీలు. ఒంగోలు, నెల్లూరుల్లో జాబ్‌వర్కు చేసే షెడ్లలో వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మెషీన్) బెడ్డు మీదకు వచ్చే పని చాలావరకు ఈ రకమే. ఒకటి రెండు ముక్కలుంటాయి. డ్రాయింగు ఉండదు, పాత ముక్కే డ్రాయింగు. పొద్దున బీడు (పోత ఇనుము), మధ్యాహ్నం స్టెయిన్‌లెస్, సాయంత్రానికి అల్యూమినియం. వేల ముక్కలు నడిపే కంపెనీ ఒక ఫిక్స్చర్ (ఆ ముక్క కోసమే చేసుకునే బిగింపు) కోసం వారం రోజులు కూర్చోగలదు. ఇక్కడ అరగంటలో జాబ్ (కోయాల్సిన ముక్క) బిగించి స్పిండిల్ (కట్టర్‌ను తిప్పే ఇరుసు) తిప్పాలి.

ఆ తొందరలో కట్టర్‌నే ముందు ఎంచుకుంటారు. కేటలాగు తీసి ఈ లోహానికి ఈ స్పీడు, ఈ ఫీడు (కోతలో ముందుకు జరిగే వేగం) అని చూసి ప్రోగ్రాం రాసేస్తారు. జాబ్‌ను ఎలా పట్టుకోవాలన్నది ఆఖర్న, ఏ వైసు (రెండు దవడల మధ్య ముక్కను పట్టే బిగింపు) ఖాళీగా ఉంటే దాన్ని బట్టి తేలుతుంది. ఈ వరస తలకిందులు. జాబ్ కదలదు, హోల్డర్ (కట్టర్‌ను పట్టేది) ఊగదు, టూలు పొట్టిగా ఉంది అనుకుని రాసిన అంకెలవి. పట్టు సగమే ఉన్న జాబ్‌కు అవి పనికిరావు. ఎండ్‌మిల్ (కొనతోనూ పక్కలతోనూ కోసే కడ్డీలాంటి కట్టర్) విరగ్గానే టూలు నాసిరకం అనడం మామూలే కానీ, వెతికితే తప్పు వైసులోనో కొల్లెట్‌లోనో (హోల్డర్‌లో టూలు చుట్టూ బిగిసే చీలికల గొట్టం) దొరకడం అంతకన్నా మామూలు.

కట్టర్ ఎటు తోస్తుంది

పట్టు ఎంత కావాలో తెలియాలంటే కట్టర్ ఎంత బలంతో, ఎటువైపు తోస్తుందో ముందు తెలియాలి. ఈఎన్8 (మధ్యరకం కార్బన్ స్టీలు) ముక్క మీద నాలుగు ఇన్సర్టుల (మార్చుకునే కోత పళ్లు) 50 మి.మీ. కట్టర్ అనుకుందాం. కటింగ్ స్పీడు నిమిషానికి 150 మీటర్లు. దాన్ని 1000తో గుణించి, 3.14తోనూ 50తోనూ భాగిస్తే స్పిండిల్ 955 చుట్లు. పన్నుకు 0.15 మి.మీ. చొప్పున ఫీడు నిమిషానికి 573 మి.మీ. లోతు 2, వెడల్పు 35 మి.మీ. తీస్తే స్పిండిల్ దగ్గర సుమారు 1.7 కిలోవాట్లు ఖర్చవుతాయి, అంటే జాబ్ మీద సగటున 70 కిలోల తోపుడు. పన్ను లోహంలోకి దిగే క్షణంలో అది ఇంకా ఎక్కువ.

మంచి వైసు రెండు టన్నుల దాకా సులువుగా బిగుస్తుంది. జాల (వైసు దవడల) మీద నూనె ఉన్నా, రాపిడి గుణకం 0.1 అనుకున్నా, రెండు జాలు కలిపి 400 కిలోలు ఆపగలవు. 70కి 400 ఉన్నప్పుడు జాబ్ ఎందుకు ఎగురుతుంది? ఎందుకంటే అది జారి పోదు, ఒరిగి పైకి లేస్తుంది. జాబ్‌ను 5 మి.మీ. మాత్రమే పట్టి పైకి 60 మి.మీ. వదిలేస్తే, పైన కొట్టే 70 కిలోలు జా దగ్గరకు వచ్చేసరికి 800 కిలోలు దాటుతాయి. లెక్క స్థూలమే అయినా విషయం అదే: వైసు ఎంత గట్టిదన్నది తర్వాత, ఎంత లోతుగా పట్టిందన్నది ముందు. ఎత్తు తగ్గించలేని జాబ్ అయితే లోతు, వెడల్పు తగ్గించాలి. ఫీడు మాత్రం తగ్గించకూడదు. పన్నుకు దక్కే మందం మరీ పలచనైతే కోత బదులు రుద్దుడు మొదలవుతుంది.

దిశ సంగతీ అంతే. బరువైన కోత వీలైనంతవరకు కదలని జా వైపు తోసేలా ప్రోగ్రాం ఉండాలి. కదిలే జా వైపు తోస్తే ఆ భారం స్క్రూ మీద పడి జాబ్ ఊగుతుంది. మామూలు కుడి మెలిక ఎండ్‌మిల్ చిప్స్‌ను పైకి లాగుతూ జాబ్‌ను కూడా పైకి లాగుతుంది. పలచని ప్లేటు మధ్యలో పాకెట్ తీసేటప్పుడు గరగర శబ్దం అక్కడి నుంచే వస్తుంది. 45 డిగ్రీల ఫేస్ కట్టర్ కిందకీ పక్కకూ సమంగా నొక్కుతుంది, 90 డిగ్రీలది దాదాపుగా పక్కకే తోస్తుంది. కింద నిండుగా ఆనిక ఉన్న ముక్కకు 45 మేలు. కింద బోలుగా ఉంటే అది ప్లేటును వంచుతుంది, కోత అయ్యాక ప్లేటు పైకి లేచి మధ్యలో ఉబ్బు కనిపిస్తుంది. అక్కడ 90 డిగ్రీల కట్టరే పెట్టాలి.

వైసు బిగించాక ప్యారలల్స్‌ను (జాబ్ కింద పెట్టే సమాన ఎత్తు దిమ్మెలను) చేత్తో కదిపి చూడాలి. రెండూ కదలకూడదు. కదిలే జా బిగిసేటప్పుడు కాస్త పైకి లేస్తుంది, దాంతోపాటే జాబ్ ఆ వైపు లేస్తుంది. నైలాన్ సుత్తితో పైన ఒకటి కొడితే కూర్చుంటుంది. కొట్టాక 'ఇంకొంచెం' అని హ్యాండిల్ మళ్లీ లాగితే మళ్లీ లేస్తుంది, చాలా షెడ్లలో అలవాటుగా జరిగే తప్పు ఇది. కిందికి లాగుతూ బిగిసే యాంగిల్ లాక్ వైసులో ఈ బెడద బాగా తక్కువ. ధర ఎక్కువే, కానీ ఒక్క వైసు కొనే డబ్బే ఉంటే అదే కొనాలి.

గ్యాస్ కటింగ్ అంచులు, పోత మీది వాలు, ఇలా రెండు ముఖాలూ సమాంతరంగా లేని ముక్కను నేరుగా రెండు జాల మధ్య పెడితే ఎటూ ఆనదు. కదిలే జా వైపు మధ్య ఎత్తులో అడ్డంగా ఒక గుండ్రటి కడ్డీ పెట్టి బిగిస్తే జాబ్ కదలని జాకు పూర్తిగా అతుక్కుంటుంది. ఆ అతుక్కున్న ముఖమే తర్వాతి కోతలకు ఆధారం.

ఏరేటర్ షాఫ్టుకు కీవే

పట్టే పద్ధతిని బట్టి కొలత ఎలా మారుతుందో చూడాలంటే ఇంతకన్నా మంచి జాబ్ లేదు. స్టెయిన్‌లెస్ 304 షాఫ్టు, వ్యాసం 25 మి.మీ. దానికి 8 వెడల్పు, 7 ఎత్తు కీ (షాఫ్టు, హబ్ కలిసి తిరిగేలా మధ్యలో పెట్టే ముక్క) వస్తుంది. షాఫ్టులో అది కూర్చునే గాడే కీవే, దాని లోతు 4 మి.మీ. కీ బిర్రుగా కూర్చోవాలంటే వెడల్పు 7.964 నుంచి 8.000 మధ్య ఉండాలి.

పది షాఫ్టులు ఉన్నాయి, కొన్ని నిండు 25, కొన్ని 24.90 అనుకుందాం. వైసులో పట్టి, మొదటి షాఫ్టుకు మధ్యగీత వెతికి, అదే సున్నాతో మిగతావి కోస్తే 24.90 షాఫ్టులో మధ్య 0.05 మి.మీ. కదలని జా వైపు జరిగి ఉంటుంది. కీవే ఆ మేరకు పక్కకు పోతుంది. వీ-బ్లాకులో పెడితే పక్కకు జరగడం ఉండదు, వ్యాసం ఎంతైనా మధ్య మధ్యలోనే ఉంటుంది. కానీ 90 డిగ్రీల వీలో షాఫ్టు కిందికి దిగుతుంది: మధ్య 0.07, పైభాగం 0.12. జెడ్ సున్నా (ఎత్తు లెక్క మొదలయ్యే చోటు) మార్చకపోతే 4.00 రావాల్సిన లోతు 3.88 వస్తుంది, కీ పైకి పొడుచుకుని హబ్ ఎక్కదు. అందుకే కీవేలకు వీ-బ్లాకు వాడాలి, ప్రతి షాఫ్టుకూ పైభాగాన్ని తాకించి జెడ్ తీసుకోవాలి. రెండు నిమిషాల పని.

ఇక కట్టర్. 8 మి.మీ. కీవేకు 8 మి.మీ. ఎండ్‌మిల్ అనడం సహజంగా తోస్తుంది, అక్కడే కొలత పోతుంది. నిండు గాడిలో ఒక గోడ వైపు క్లైంబ్ (చిప్ లావుగా మొదలై సన్నగా ముగిసే కోత), రెండో వైపు దానికి వ్యతిరేక కోత నడుస్తుంది. కట్టర్ ఒక పక్కకు ఒరిగి, రనౌట్ (టూలు సరిగ్గా మధ్యలో తిరగక ఊగడం) కూడా కలిసి గాడి 8.03, 8.05 అవుతుంది. తీసేసిన లోహాన్ని మళ్లీ పెట్టలేం. 6 మి.మీ. మూడు ఫ్లూట్ల (చిప్ బయటికి పోయే గాడుల) కార్బైడ్ కట్టర్‌తో మధ్యలో ఒక గాడి తీసి, తర్వాత రెండు గోడలనూ క్లైంబ్ పద్ధతిలో వేరువేరుగా కోయాలి. నిమిషానికి 60 మీటర్ల దగ్గర 3180 చుట్లు, పన్నుకు 0.025 చొప్పున ఫీడు దాదాపు 240. లోతు ఒక్కో పాసుకు 1 మి.మీ. గోడకు 0.1 మిగిల్చి, ఒకసారి కొలిచి, చివరి పాసులో టూలు ఆఫ్‌సెట్ సరిచేసి ముగించాలి. కట్టర్ నిట్టనిలువుగా కుచ్చుకోకుండా 2, 3 డిగ్రీల వాలుతో గాడి పొడవునా ఏటవాలుగా దిగాలి. స్టెయిన్‌లెస్ మీద కట్టర్ ఒకచోట ఆగి తిరిగితే ఆ చోటు గట్టిపడుతుంది, తర్వాతి పాసులో పన్ను మొన అక్కడే రాలుతుంది.

పోత ముక్కను బెడ్డు మీద

బేరింగ్ హౌసింగు అడుగుభాగం చదునుగా ఉండదు. బెడ్డు మీద పెట్టి నాలుగు మూలలా క్లాంపులు బిగిస్తే, మూడు మూలలే ఆని ఉన్న ముక్క నాలుగో మూల దగ్గర వంగి కిందికి దిగుతుంది. వంగిన స్థితిలో పైముఖం అద్దంలా వస్తుంది. క్లాంపు వదలగానే ముక్క తన ఆకారానికి వెళ్లిపోతుంది, ముఖం మెలి తిరుగుతుంది. డయల్ (సన్న తేడాను ముల్లుతో చూపే కొలత సాధనం) పెడితే 0.1, 0.15 తేడా. మెషీన్ అలైన్‌మెంట్ పోయిందని సర్వీసు వాళ్లను పిలిచిన సందర్భాల్లో ఇలాంటివి ఉంటాయి.

మూడు చోట్ల ఆనిక ఇచ్చి, నాలుగో మూల కింద పలచని షిమ్ములు (రేకు ముక్కలు) ఒకటొకటిగా దూర్చాలి. షిమ్ము కాస్త బిర్రుగా జారే దగ్గర ఆపాలి, కొట్టి దూర్చకూడదు. క్లాంపు ఎప్పుడూ ఆనిక ఉన్నచోటికి సరిగ్గా పైన పడాలి. బోలు మీద పడితే వంపు తప్పదు. బిగించేటప్పుడు ముక్క మీద డయల్ పెట్టి, నట్టు తిప్పుతుండగా ముల్లు చూడాలి. 0.02 కన్నా ఎక్కువ కదిలితే ఆ మూలకు షిమ్ము చాలలేదని అర్థం.

స్ట్రాప్ క్లాంపులో బోల్టు ఎక్కడ ఉందన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఎం12 బోల్టును 40 న్యూటన్ మీటర్లకు బిగిస్తే దాదాపు 1700 కిలోల లాగుడు వస్తుంది. వెనక స్టెప్ బ్లాకు (క్లాంపు వెనక కొసను మోసే మెట్ల దిమ్మె) నుంచి జాబ్ దాకా 90 మి.మీ. ఉంటే, బోల్టు జాబ్‌కు 30 దూరంలో ఉన్నప్పుడు జాబ్ మీద 1100 కిలోలకు పైగా పడుతుంది. అదే బోల్టు స్టెప్ బ్లాకుకు 30 దూరంలో ఉంటే జాబ్‌కు 570 కూడా దక్కదు, మిగతాదంతా బ్లాకును నొక్కడానికే పోతుంది. అదే చెయ్యి, అదే స్పానర్, పట్టు సగం. క్లాంపు వెనక భాగం ముందు భాగం కన్నా వెంట్రుకవాసి ఎత్తులో ఉండాలి. వెనక దిగిపోతే క్లాంపు జాబ్ అంచును మాత్రమే కొరుకుతుంది.

బీడు పైపొర సంగతి వేరు. ఇసుక అంటుకున్న పొర లోపలి లోహం కన్నా గట్టిది. 'కొంచెం కొంచెం తీద్దాం' అని 0.3 లోతు పెడితే ఇన్సర్ట్ మొన మొత్తం ఆ పొరలోనే తిరిగి మొద్దుబారుతుంది. మొదటి పాసే 2 మి.మీ. దాటాలి, మొన మెత్తని లోహంలో ఉండాలి. అంత లోతుకు పట్టు చాలకపోతే వెడల్పు తగ్గించాలి, లోతు కాదు. గ్యాస్ కటింగ్ అంచులకూ ఇదే మాట. అరిగిన హౌసింగుకు వెల్డింగు నింపి తెచ్చిన ముక్కల్లో మధ్యమధ్య రాయిలాంటి చోట్లు ఉంటాయి. స్పీడు మూడో వంతు తగ్గించి, గట్టి అంచున్న ఇన్సర్ట్ పెట్టాలి.

గ్రానైట్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్రతి ముక్కనూ ముందు నీళ్లతో బాగా కడగాలి. రంధ్రాల్లో, బోల్టు గాడుల్లో ఎండి గడ్డకట్టిన బూడిదరంగు బురదలో రాతి పొడి ఒక్కటే ఉండదు. పాలిష్ రాళ్ల నుంచి రాలిన సిలికాన్ కార్బైడ్, వజ్రపు రేణువులు కూడా ఉంటాయి. కార్బైడ్ ఇన్సర్ట్‌ను అరగదీసే సత్తా ఉన్నవి అవి. కూలెంట్‌లో కలిసి స్లైడ్ల మీదకు చేరితే నష్టం ఇన్సర్ట్‌తో ఆగదు.

ఇప్పుడు కట్టర్

పట్టు తేలాక కట్టర్ ఎంపిక సగం దానంతట అదే అయిపోతుంది. మొదటి ప్రశ్న పొడవు. 10 మి.మీ. కార్బైడ్ ఎండ్‌మిల్ హోల్డర్ నుంచి 50 మి.మీ. బయటికి ఉంటే, 20 కిలోల తోపుడుకు కొన దాదాపు 0.03 మి.మీ. వంగుతుంది. 30కి తగ్గిస్తే 0.006. వంపు పొడవు ఘనంతో పెరుగుతుంది కాబట్టి ఇంత తేడా. వ్యాసం నాలుగో ఘాతంతో పనిచేస్తుంది, 10 బదులు 12 పెడితే వంపు సగానికి పడిపోతుంది. హైస్పీడ్ స్టీలు కట్టర్ అదే కొలతలో కార్బైడ్‌కు మూడింతలు వంగుతుంది. లోతైన పాకెట్ గోడలు పైన సరిగ్గా, కింద 0.05 ఎక్కువగా రావడానికి కారణం చాలావరకు ఇదే. క్లాంపు నట్టు అడ్డొస్తోందని పొడుగు టూలు పెట్టడం కన్నా క్లాంపు జరపడం మేలు.

ఫ్లూట్ల లెక్కకు చిప్ ఎక్కడికి పోతుందన్నదే ఆధారం. అల్యూమినియంలో చిప్ లావుగా వస్తుంది, చోటు కావాలి, రెండు లేదా మూడు ఫ్లూట్లు చాలు. నాలుగు ఫ్లూట్లతో నిండు గాడి తీస్తే చిప్స్ ఇరుక్కుని కరిగినట్టు అతుక్కుంటాయి, తర్వాతి క్షణంలో టూలు విరుగుతుంది. అల్యూమినియానికి టైటానియం అల్యూమినియం నైట్రైడ్ కోటింగున్న టూలు వద్దు, లోహం అంచుకు అంటుకుంటుంది. కోటింగు లేని, పాలిష్ చేసిన గాడులున్న టూలే దానికి సరి. అదే కోటింగు ఈఎన్8, ఈఎన్24లకు బాగా పనికొస్తుంది. మైల్డ్ స్టీలు, ఈఎన్8 లకు కార్బైడ్‌తో నిమిషానికి 100 నుంచి 150 మీటర్లు, 304కు 60 నుంచి 90, బీడుకు 80 నుంచి 120, అల్యూమినియానికి 200 పైన స్పిండిల్ ఎంత తిరిగితే అంత. హైస్పీడ్ స్టీలు అయితే మైల్డ్ స్టీలుకు 25, 30 దాటకూడదు. ఇన్సర్ట్ పెట్టె మీది రంగు పట్టీ తొందరలో ఉపయోగపడుతుంది: నీలం స్టీలుకు, పసుపు స్టెయిన్‌లెస్‌కు, ఎరుపు బీడుకు, ఆకుపచ్చ అల్యూమినియం లాంటి వాటికి.

పక్క గోడ మీద సన్నగా కోసేటప్పుడు ఒక సంగతి దాక్కుని ఉంటుంది. 10 మి.మీ. కట్టర్ 1 మి.మీ. వెడల్పే తీస్తుంటే, ప్రోగ్రాంలో పన్నుకు 0.05 అని రాసినా అసలు చిప్ మందం గరిష్ఠంగా 0.03 మాత్రమే. స్టెయిన్‌లెస్‌లో అది రుద్దుడుకు దగ్గర. కాబట్టి ఇలాంటి కోతకు ఫీడు ఒకటిన్నర రెట్లకు పైగా పెంచాలి. ఫీడు పెంచితే టూలు ఎక్కువ కాలం బతుకుతుందంటే నమ్మబుద్ధి కాదు, కానీ ఇక్కడ జరిగేది అదే.

హోల్డర్ విషయంలో కక్కుర్తి పడకూడదు. 4 మి.మీ. కట్టర్, పన్నుకు 0.02 ఫీడు. రనౌట్ కూడా 0.02 ఉంటే ఒక పన్ను దాదాపు రెట్టింపు మోస్తుంది, ఇంకోటి ఊరికే తిరుగుతుంది. కొత్త టూలు పెట్టిన ప్రతిసారీ షాంకు (టూలు నున్నటి కాడ) మీద డయల్ పెట్టి చూడాలి. ఈఆర్ కొల్లెట్‌ను ముందు నట్టులో టక్కుమనేలా ఎక్కించి, తర్వాతే హోల్డర్‌లో పెట్టాలి. విడిగా హోల్డర్‌లో వేసి పైన నట్టు తిప్పితే కొల్లెట్ వంకరగా కూర్చుంటుంది. షాంకు కొల్లెట్ పొడవులో మూడింట రెండు వంతులైనా లోపల ఉండాలి. కొల్లెట్ లోపలా షాంకు మీదా నూనె తుడవాలి. బరువైన కోతలో పాకెట్ అడుగు మొదట్లో 10.00 ఉండి చివరికి 10.15 అయిందంటే జెడ్ యాక్సిస్‌ను అనుమానించే ముందు టూలు పొడవు మళ్లీ కొలవాలి. కుడి మెలిక టూలును కిందికి లాగుతుంది, కొల్లెట్ పట్టు చాలకపోతే టూలు కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. 16 మి.మీ. పైబడిన రఫింగ్ టూళ్లకు పక్క స్క్రూతో పట్టే హోల్డర్ వాడితే ఈ గొడవ ఉండదు.

నీళ్లు

కూలెంట్‌కూ పట్టుకూ సంబంధం ఉంది. ఈ రెండు జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగానో, బిందె అడుగున తెల్లగా పేరుకునేలానో ఉంటాయి. అలాంటి నీళ్లలో కలిపిన కూలెంట్ నూనె విడిపోయి జిగటగా తేలుతుంది. మే నెల ఎండకు ట్యాంకులో నీరు ఆవిరై పోతుంది, లవణాలు పోవు. పైనుంచి మళ్లీ బోరు నీళ్లే పోస్తే నెల తిరిగేసరికి ఉప్పు రెట్టింపు. ఆ జిగట ప్యారలల్స్ కిందా వైసు అడుగునా చేరి సన్నని చిప్స్‌ను అంటిపెట్టుకుంటుంది. 0.1 మి.మీ. చిప్ ఒక్కటి ప్యారలల్ కింద ఉంటే పైన తీసిన ముఖం ఆ మేరకు వాలుతుంది. ఉప్పు వల్ల జా ముఖాల మీదా బెడ్డు మీదా తుప్పు గుంటలు పడతాయి, సముద్రపు గాలి దానికి తోడు.

మొదటిసారి కలిపేటప్పుడు బోరు నీళ్లు, వాటర్ ప్లాంటు నీళ్లు చెరిసగం తీసుకోవచ్చు. పూర్తిగా ప్లాంటు నీళ్లే అయితే నురగ ఎక్కువ. తర్వాత ట్యాంకులో తగ్గినప్పుడు మాత్రం ప్లాంటు నీళ్లతోనే నింపాలి, అందులో 2, 3 శాతం నూనె కలపాలి. నీళ్లలోకి నూనె పోయాలి, నూనెలోకి నీళ్లు కాదు. రిఫ్రాక్టోమీటర్ (కూలెంట్‌లో నూనె శాతం చూసే సాధనం) రీడింగును డబ్బా మీద ఇచ్చిన గుణకంతో హెచ్చవేసి 5 నుంచి 8 శాతం మధ్య ఉంచాలి. బీడును పొడిగా కోయడమే మంచిది. దాని పొడి కూలెంట్‌లో కలిస్తే బురదై పంపును తింటుంది.

నెలకోసారి వైసును బెడ్డు మీద నుంచి దించి, అడుగు తుడిచి, పలచగా నూనె రాసి మళ్లీ ఎక్కించాలి. ఎక్కించాక కదలని జా మీద డయల్ నడిపి, 100 మి.మీ. పొడవుకు 0.01 లోపల వచ్చేదాకా సరిచేసి, అప్పుడు టీ-నట్లు గట్టిగా బిగించి, బిగించాక డయల్ ఇంకోసారి నడపాలి. బిగింపులోనే వైసు జరిగేది ఎక్కువ.